తొలగిస్తే పోయేది మెసేజ్ ఒక్కటే: ఓరుగల్లు వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు బహిరంగ లేఖ

హనుమకొండ

వరంగల్, హనుమకొండ, కాజీపేటలలోను, చుట్టుపక్కల మండలాలలోను కాలనీ సంఘాలకు, అపార్టుమెంట్లకు, గణపతి ఉత్సవ కమిటీలకు, పదో తరగతి బ్యాచ్‌లకు, ఊరి పేరు మీద నడిచే వాట్సాప్ గ్రూపులకు అడ్మిన్లుగా ఉన్న మిత్రులందరికీ నమస్కారం.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఏడేళ్లుగా మా కాలనీ గ్రూపుకు అడ్మిన్‌గా ఉన్నాను. ఈ పని మనలో చాలామంది కోరి తెచ్చుకున్నది కాదు. నల్లా నీళ్లు ఎప్పుడు వదులుతారో, కరెంటు ఎప్పుడు తీస్తారో చెప్పుకోవడానికి ఎవరో ఒకరు గ్రూపు పెట్టారు. పెట్టినవారు ఇల్లు మారుతూ దానిని మన చేతిలో పెట్టి వెళ్లిపోయారు. జీతం లేదు, కుర్చీ లేదు, ఒక మెసేజ్ తీసేస్తే మాత్రం నలుగురికి కోపం వస్తుంది. ఈ కష్టం నాకు తెలుసు కనుక మీకు ఉపదేశం చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. నేను చేసిన ఒక పొరపాటును మీ ముందు పెట్టి, అదే పొరపాటు మీ గ్రూపుల్లో రేపో ఎల్లుండో జరగకుండా కొన్ని పనులు చేయమని అడగడానికి రాస్తున్నాను.

గత ఏడాది ఎంగిలిపూల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు, తెల్లవారి ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలు ఉండగా మా గ్రూపులో ఒక ఫైలు పడింది. పంపినది కొత్త నంబరు కాదు. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరై, మా రెండో వీధిలో ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి నంబరు. ఫైలు పేరు 'ట్రాఫిక్ చలాన్', దాని చివర చుక్క పెట్టి ఏపీకే అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు. మీ బండి మీద చలాన్ ఉంది, వివరాలు ఇందులో చూసుకోండి అని కింద రెండు వాక్యాలు. నేను అప్పుడు భద్రకాళి బండ్ మీద నడుస్తున్నాను. ఆరున్నరకు ఫోను తీసి చూడగానే అదేమిటో అర్థమైంది. మెసేజ్‌ను వేలితో నొక్కిపట్టి, అందరి ఫోన్లలో నుంచి తొలగించి, ఫోను జేబులో వేసుకుని మిగిలిన నడక పూర్తి చేశాను. నా బాధ్యత నేను చేశానన్న తృప్తి కూడా కలిగిందని ఒప్పుకోవాలి.

మరునాడు పొద్దున ఎనిమిది గంటలకు మా వీధి చివర బట్టలు కుట్టే చెల్లెలు గేటు దగ్గరకు వచ్చి నిలబడింది. బతుకమ్మ ముందు పదిహేను రోజులు ఆమెకు ఏడాదిలో కెల్లా పెద్ద సీజన్. రాత్రి పన్నెండు దాటినా ఆ ఇంట్లో మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. జాకెట్లకు, లంగాఓణీలకు అడ్వాన్సుగా వచ్చిన డబ్బులో నుంచి ముప్పై ఎనిమిది వేల ఆరు వందలు రాత్రి రెండు గంటల పది నిమిషాలకు రెండు విడతలుగా ఆమె ఖాతా నుంచి వెళ్లిపోయాయి. ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ ఫోనూ ఎత్తలేదు. నేను అడగగా అడగగా చెప్పింది: "రైల్వే అన్న పంపిండు గదా అని నిన్న పొద్దుగాల తెరిచిన సార్. ఏదో అడిగితే సరే సరే అని ఒత్తిన. మల్ల ఎనుకకు పోయి జూస్తే గ్రూపుల అది లేదు, మీరు తీసేసిన్రు. ఎందుకు తీసేసిన్రో ఒక్క ముక్క చెప్తే అప్పుడే ఎవలనన్న అడిగేదాన్ని గదా."

ఆ చివరి మాట దగ్గర నా దగ్గర జవాబు లేదు. నేను మెసేజ్ తీసేసిన ఆరున్నరకు, డబ్బు పోయిన రెండు గంటలకు మధ్య దాదాపు ఇరవై గంటల సమయం ఉంది. ఆ ఇరవై గంటలూ ఆమె ఫోనులో ఆ యాప్ పనిచేస్తూనే ఉంది. 'ఈ సందేశాన్ని అడ్మిన్ తొలగించారు' అన్న ఒక్క పంక్తి తప్ప మా గ్రూపులో ఆ సంగతి గురించి ఇంకేమీ లేదు. తర్వాత పడిన శుభోదయాల కింద ఆ పంక్తి కూడా మధ్యాహ్నానికల్లా పైకి వెళ్లిపోయింది.

మనం తొలగించినది కేవలం ఒక మెసేజ్. దానిని అప్పటికే తెరిచి ఇన్‌స్టాల్ చేసుకున్నవారి ఫోనులో యాప్ ఎక్కడికీ పోదు. పైగా, తాము నొక్కినది ఏమిటో మళ్లీ చూసుకునే అవకాశం కూడా వారికి మనమే లేకుండా చేస్తున్నాము. తెరవనివారికి మన తొలగింపు రక్షణ కావచ్చు. తెరిచినవారికి మాత్రం అది దొంగ అడుగుజాడల మీద మనమే చీపురు పట్టినట్టు. నేను ఈ లేఖలో చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే: చెప్పకుండా తొలగించకండి.

ఆ ఏపీకే ఫైలు ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలియని అడ్మిన్ 'డబ్బు పోలేదు కదా, ఇక భయం లేదు' అని సాయంత్రానికి అనేస్తాడు. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు. అది గ్రూపులో పడి ఉన్నంత మాత్రాన, డౌన్‌లోడ్ అయినంత మాత్రాన కూడా, ఏమీ చేయలేదు. దానిని నొక్కినప్పుడు, తెలియని చోటి నుంచి వచ్చిన యాప్‌ను ఎక్కించమంటారా అని ఫోను అడుగుతుంది. అక్కడ సరే అంటే యాప్ ఎక్కుతుంది. ఆ తర్వాత అది ఎస్ఎంఎస్‌లు చదవడానికి, పంపడానికి, నోటిఫికేషన్లు చూడడానికి అనుమతులు కోరుతుంది. 'సరే సరే అని ఒత్తిన' అని ఆ చెల్లెలు చెప్పినది ఇక్కడే. అంతటితో బ్యాంకు పంపే ఓటీపీ ఆమెకు వచ్చినట్టే వచ్చి, అదే క్షణంలో మరొకరికీ చేరుతుంది. వీటిలో చాలా యాప్‌లు తమ గుర్తును తెర మీద కనపడకుండా దాచుకుంటాయి కనుక, వెతికినా ఏమీ లేదనిపిస్తుంది. కొన్ని ఆ ఫోనులోని పరిచయస్తులందరికీ, గ్రూపులన్నిటికీ తమను తామే పంపుకుంటాయి. రైల్వే పెద్దమనిషి నంబరు నుంచి మాకు ఫైలు వచ్చినది అలాగే. ఆయనకు అది ముందు రోజు బంధువు నంబరు నుంచి వచ్చిందట. ఆ తెల్లవారుజామున ఆయన నిద్రపోతున్నారు.

ఇక నమ్మకం గురించి ఒక మాట. ఇలాంటి ఫైలు తెరిచినవారిని మనం వెంటనే అనేది 'అంత తెలివి లేదా' అని. నాకూ అదే నోటికి వచ్చింది, ఆపుకున్నాను. నిజం ఏమిటంటే, ప్రభుత్వమే మన మనుషులకు యాప్‌లను దింపుకోవడం అలవాటు చేసింది. తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. 2025లో భారత పత్తి సంస్థకు పత్తి అమ్మాలంటే రైతు 'కపాస్ కిసాన్' యాప్‌లో నమోదై స్లాట్ బుక్ చేసుకోవలసి వచ్చింది. వరంగల్ చుట్టూ పత్తి వేసే ఊళ్లలో ఆ యాప్‌ను కొడుకు చేతనో, మనవరాలి చేతనో ఎక్కించుకోని ఇల్లు అరుదు. అలాంటి రైతు ఫోనుకు, ఏటా మూడు విడతలుగా రెండేసి వేలు ఇచ్చే పీఎం కిసాన్ పేరుతో ఇంకొక ఫైలు వస్తే, దానిని నొక్కడం మూర్ఖత్వం ఎలా అవుతుంది? నిన్న అలాంటిదే నొక్కితే పత్తి అమ్ముడుపోయింది. పైగా అది వచ్చినది ఊరి గ్రూపులో, తెలిసినవారి పేరుతో. ఆ ఫైలుకు సొంతంగా ఏ పరపతీ లేదు. మన గ్రూపులోకి వచ్చాకే దానికి పక్కింటి మనిషి ముఖం వచ్చింది. ఆ అరువు ఇస్తున్నది మనం నడిపే గ్రూపులే కనుక, వసూలు చేసుకోవలసిన బాధ్యతా మనదే అవుతుంది.

ఈ బాధ్యత మన మీద ఎందుకు, సర్కారు చూసుకోదా అని మీలో కొందరు అడుగుతారు. ఎస్ఎంఎస్‌ల విషయంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొంత చేసింది. 2018 నిబంధనల కింద వ్యాపార సంస్థలు తమ పేరును, పంపే సందేశపు నమూనాను ముందే నమోదు చేసుకోవాలి. 2024 అక్టోబర్ 1 నుంచి, ముందుగా నమోదు చేయని లింకులు, ఏపీకే ఫైళ్లు ఉన్న సందేశాలను టెలికాం కంపెనీలు ఆపివేయాలి. 2025లో చేసిన సవరణ వల్ల, పంపినవారి పేరు చివర 'పి' ఉంటే ప్రచారమని, 'ఎస్' ఉంటే సేవ అని, 'టి' ఉంటే లావాదేవీ అని, 'జి' ఉంటే ప్రభుత్వమని గుర్తుపట్టవచ్చు. ఇంత జల్లెడ అక్కడ ఉంది. వాట్సాప్‌లో అది కుదరదు. అక్కడ సందేశాలు 2016 నుంచి పూర్తిగా సంకేత రూపంలో నడుస్తాయి కనుక, పంపినవారు, అందుకున్నవారు తప్ప దారిలో వేరెవరూ లోపలి విషయాన్ని చదవలేరు. అది మన గోప్యతకు మంచిదే. అయితే దాని అర్థం, నాలుగు వందల మంది ఉన్న ఒక కాలనీ గ్రూపులో పడిన లింకును చదివి ఇది తప్పు అని చెప్పగలిగే స్థానంలో ఉన్నది సభ్యులు, మనం, అంతే. నాలుగు వందలు అంటే చిన్న సంఖ్య కాదు. 1978 మే 3న అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ప్రతినిధి అప్పటి నెట్‌వర్కులో ఒకేసారి సుమారు నాలుగు వందల మందికి పంపిన ప్రకటననే లోకంలో మొట్టమొదటి స్పామ్, అంటే అడగకుండా గుంపుగా వచ్చిపడే సందేశం, అంటారు. ఆ రోజు ఆ ప్రకటన అందుకున్నంత మంది ఇవాళ మన గణపతి కమిటీ గ్రూపులోనే ఉన్నారు; వాట్సాప్ ఒక్కో గ్రూపులో 1,024 మంది వరకు ఉండనిస్తుంది.

చట్టం మన మెడకు చుట్టుకుంటుందేమోనన్న భయంతో కొందరు ఏది వచ్చినా చప్పుడు చేయకుండా తీసేస్తారు. ఆ భయం అక్కర్లేదు. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కు, అందులో తన పాలు లేనంతవరకు, అడ్మిన్ అన్న కారణంతోనే అతడు నేరస్తుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు స్పష్టంగా చెప్పాయి. మరొకరి వేషంలో ఆన్‌లైన్‌లో మోసం చేయడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడే నేరం. ఆ నేరం చేసినవాడిది, మనది కాదు. కాబట్టి దాచవలసిన అవసరం మనకు లేదు, చెప్పడం వల్ల వచ్చే నష్టం అంతకన్నా లేదు.

ఇప్పుడు మేము ఏం చేస్తున్నామో చెబుతాను. అనుమానపు ఫైలు గానీ లింకు గానీ కనపడగానే, తీసేయకముందు, ఫైలు పేరు, పంపిన నంబరు, సమయం కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకుంటాను. ఫిర్యాదు చేయవలసి వస్తే చేతిలో ఉండేది అదొక్కటే. తర్వాత తొలగిస్తాను. ఆ వెంటనే, అదే నిమిషంలో, గ్రూపులో నా గొంతుతో ఒక సందేశం పెడతాను. రాసి పెట్టడం కాదు, మాట్లాడి పెట్టడం. మా గ్రూపులో రాసినది చదవనివారు చాలామందే, వినేవారు మాత్రం అందరూ. పుస్తకాల భాష మాట్లాడితే వినరు కనుక ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతాను. మొన్నటిది ఇలా ఉంది: "అందరికి నమస్కారం. పొద్దుగాల ఆరింటికి చలాన్ అని ఒక ఫైలు అచ్చింది, గది దొంగ ఫైలు, నేను తీసేసిన. ఎవలన్న దాన్ని ఒత్తిన్రా? ఒత్తితే సిగ్గువడకుండ్రి, ఇప్పుడే ఫోన్‌ల నెట్ బంద్ చేసి నాకు ఫోన్ చెయ్యండ్రి. పంపినాయన తప్పు లేదు, ఆయన ఫోన్ కూడ గట్లనే పాడైంది."

మనం పెట్టిన సందేశాన్ని ఎవరెవరు చూశారో, ఎవరెవరు విన్నారో వాట్సాప్ చూపిస్తుంది. సాయంత్రం ఆ జాబితా తెరిచి, విననివారిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు, చిన్న దుకాణాలు నడిపేవారికి ఫోను చేస్తాను. మా ఇంట్లోవారు దీన్ని చూసి, రిటైరైనా హాజరు పట్టీ పిలవడం మానలేదని నవ్వుతారు. అరగంట పట్టే ఈ పనిలో నాకు ఇప్పటివరకు ఇద్దరు దొరికారు, నొక్కి చెప్పకుండా ఊరుకున్నవారు. ఒకరి ఫోనులో డబ్బు ఇంకా పోలేదు.

అలా దొరికినవారికి ఏం చెప్పాలో కూడా మనకు తెలిసి ఉండాలి. మొదట మొబైల్ డేటా, వైఫై ఆపించండి. వీలైతే సిమ్ తీయించండి, ఓటీపీలు ఆ ఫోనుకు రాకుండా ఉంటాయి. తర్వాత వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలను ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయించండి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించండి. డబ్బు చేతులు మారుతున్న దారిలోనే దానిని నిలిపే ఏర్పాటు ఆ నంబరుకు ఉంది. మా చెల్లెలు తొమ్మిది గంటలకు చేసిన ఫోను వల్ల పన్నెండు వేలు ఒక ఖాతాలో ఆగి, తర్వాత తిరిగి వచ్చాయి. మిగిలినది అప్పటికే దాటిపోయింది. బ్యాంకుకు చెప్పడం గురించి ఇంకొక సంగతి: రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు అజాగ్రత్త వల్లే డబ్బు పోయినా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలి. అందువల్ల 'పోయింది ఎట్లాగూ పోయింది' అని ఊరుకోనివ్వకండి. చెప్పిన సమయం, ఫిర్యాదు నంబరు రాసి పెట్టించండి. చివరగా ఫోను. సేఫ్ మోడ్‌లో తెరిచి కొత్తగా ఎక్కిన యాప్‌ను తీయడం తెలిసినవారి చేత చేయించాలి. కుదరకపోతే ఫొటోలు కాపీ చేసుకుని ఫోను మొత్తం రీసెట్ చేయడమే మేలు. కాల్స్ వేరే నంబరుకు మళ్లించి ఉంటే ##002# డయల్ చేస్తే ఆ మళ్లింపు రద్దవుతుంది.

రైల్వే పెద్దమనిషి విషయంలో నేను ఇంకొక తప్పు చేశాను. ఆయన నంబరును ఏ మాటా చెప్పకుండా గ్రూపు నుంచి తీసేశాను. సాంకేతికంగా అది సరైన పనే. ఫోను బాగుపడేవరకు అది మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. కానీ ఆయనకు అది వెలివేతగా తోచింది. మూడు వారాల పాటు పొద్దున నడకకు రాలేదు, సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టు మీద కనపడి కూడా ముఖం తిప్పుకున్నారు. చివరికి నేనే ఇంటికి వెళ్లి, ఫోను నా దగ్గర పెట్టుకుని బాగుచేయించి, తిరిగి గ్రూపులో చేర్చి, ఆయన తప్పేమీ లేదని అందరిలో చెప్పవలసి వచ్చింది. మొదటి రోజే ఫోను చేసి, 'అన్నా, మీ ఫోను బాగయ్యేదాకా తీస్తున్న, మల్ల కలుపుత' అని చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో అయిపోయేది.

ఇక రాకుండా చూసే సంగతి. మన గ్రూపుల తలుపులు ఎంత బార్లా తీసి ఉన్నాయో ఒకసారి చూడండి. మా కమిటీవారు నవరాత్రుల చందాల కోసం ఫ్లెక్సీ మీద గ్రూపులో చేరే క్యూఆర్ కోడ్ వేయించారు. పండగ అయిపోయింది, ఫ్లెక్సీ చిరిగిపోయింది, దాని ఫొటో మాత్రం ఇంకా ఎక్కడెక్కడో తిరుగుతూ ఉంది. ఆ కోడ్ పట్టుకుని ఎవరైనా లోపలికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా, మన నాలుగు వందల నంబర్లు ఎత్తుకుపోవచ్చు. చేరే లింకును రీసెట్ చేస్తే పాతది చెల్లదు. కొత్తవారిని అడ్మిన్ ఆమోదించాకే చేర్చే ఏర్పాటు 2023 నుంచి ఉంది. మా గ్రూపులో ఈ రెండూ చేశాక, షేర్ మార్కెట్ చిట్కాల గ్రూపులో చేరమనే లింకులు దాదాపు ఆగిపోయాయి. ఆమోదించే ముందు 'మీరు ఏ వీధి, ఎవరింటివారు' అని అడుగుతాను. మనిషో యంత్రమో తేల్చే పరీక్షను క్యాప్చా అంటారు, అంతకుమించిన క్యాప్చా మన ఊళ్లలో అక్కర్లేదు.

విదేశీ కోడ్ ఉన్న నంబర్లను తీసేయండి అని సలహా ఇచ్చేవారు ఉన్నారు. హైదరాబాదులో చెల్లుతుందేమో గానీ మన దగ్గర అది పనికిరాని సలహా. 971 అంటే దుబాయిలో ఉన్న మన మేనల్లుడు, 966 అంటే సౌదీలో ఉన్న పక్కింటి పిల్లగాడు, 968 అంటే మస్కట్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఊరి గ్రూపుల్లో ఈ నంబర్లు తీసేస్తే ఊరికి, ఊరి పిల్లలకు మధ్య ఉన్న తీగ తెగిపోతుంది. నంబరు కోడ్ చూడవద్దు. ఆ నంబరు వెనుక మనిషిని ఊరిలో ఎవరైనా ఎరుగుదురా అన్నది చూడండి.

ప్రకటనల గురించి ఎక్కువ చెప్పను. మామునూరు ఎయిర్‌పోర్టు పేరు చెప్పి అమ్మే వెంచర్ల ప్లాట్లు, ట్యూషన్లు, లోన్లు, పది మందికి పంపితే శుభం కలుగుతుందనే దేవుడి బొమ్మలు విసుగు పుట్టిస్తాయి గానీ ఖాతా ఖాళీ చేయవు. వాటికి ఆదివారం ఒక గంట కేటాయించి, మిగతా వారమంతా వద్దన్నాము. పచ్చళ్లు పెట్టి అమ్ముకునే మా కాలనీ ఆడవాళ్లు మాత్రం ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఇది పక్షపాతమే. పక్షపాతమేనని గ్రూపులో కూడా చెప్పాను.

లింకులకు మాత్రం మా దగ్గర ఒకటే నియమం. లింకు పెట్టేవారు అది తమకు ఎక్కడిదో, దానిని తాము తెరిచి చూశారో లేదో తమ మాటల్లో ఒక వాక్యం చేర్చాలి. వాక్యం లేని లింకును ఎవరిదైనా తీసేస్తాము, నాది కూడా. పొరుగువాళ్లు నోరు తెరవకుండా వస్తువు చేతిలో పెట్టిపోరు కదా. యంత్రాలే అలా చేస్తాయి. బాణాల గుర్తు లేదు కనుక ఇది ఫార్వర్డు కాదు, ఆయనే పంపారు అనుకోవడానికి లేదు, మా చలాన్ ఫైలు మీద ఏ గుర్తూ లేదు. ఒక వాక్యం రాసిన మోసగాడు రేపు రావచ్చు. అప్పుడు ఫోను చేసి అడుగుతాము. లింకును చదవడం కూడా నేర్పుతున్నాను: లింకు మొదట్లో ఉండే జంట ఏటవాలు గీతలను (//) వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు ఉన్న చివరి మాటలు చూడాలి. ప్రభుత్వానిదైతే గవ్ డాట్ ఇన్ అని, బ్యాంకుదైతే బ్యాంక్ డాట్ ఇన్ అని ముగియాలి. రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబర్ 31 లోగా బ్యాంకులన్నీ ఆ పేరుకు మారాలని చెప్పింది. ముందు భాగంలో పరివాహన్ అని, కిసాన్ అని ఎన్ని మంచి మాటలు ఉన్నా లెక్కలోకి రావు. ఇంటి గుమ్మానికి ఏ దేవుడి బొమ్మ ఉందన్నది కాదు, ఇంటిపేరు ఏమిటన్నది చూడాలి అని చెబితే మా టైలర్ చెల్లెలికి వెంటనే అర్థమైంది.

అడ్మిన్ల సంఖ్య గురించి కూడా అడగాలి. ప్రతి పండగకూ ఇద్దరిని అడ్మిన్లుగా చేస్తాము, పండగ అయ్యాక ఎవరినీ దించము, దించితే మర్యాద పోతుందని. మాకు పదకొండు మంది ఉండేవారు. ఆ పదకొండు మందిలో ఎవరో ఒకరు చూసుకుంటారని పదకొండు మందీ అనుకునేవారు. పైగా అడ్మిన్ ఖాతాయే దొంగ చేతికి పోతే గ్రూపే పోతుంది. ఇప్పుడు ముగ్గురమే ఉన్నాము: తెల్లవారి లేచే నేను, రాత్రి డ్యూటీ చేసే ఎంజీఎం ఆసుపత్రి నర్సమ్మ, పగలంతా దుకాణంలో కూర్చునే కిరాణా తమ్ముడు. ముగ్గురమూ వాట్సాప్‌లో రెండంచెల పిన్ పెట్టుకున్నాము. ఈ లేఖ చదివాక మీరు మొట్టమొదట చేయవలసిన పని ఏది అని అడిగితే, ఆ పిన్ పెట్టుకోవడమే అంటాను.

మీ అందరికీ నా వినతి ఇది. వచ్చే ఆదివారం మీ గ్రూపు లింకును రీసెట్ చేయండి, అడ్మిన్లను ముగ్గురికో నలుగురికో తగ్గించండి, తీసేసిన ప్రతి ఫైలు గురించి మీ గొంతుతో ఒక మాట చెప్పే పద్ధతిని ఆ రోజు నుంచే మొదలుపెట్టండి. కాలనీల మధ్య మన అడ్మిన్లకు వేరే ఒక చిన్న గ్రూపు ఉంటే బాగుంటుంది. హనుమకొండలో ఉదయం ఆరింటికి పడిన ఫైలు పేరు ఏడింటికల్లా హసన్‌పర్తికి, మడికొండకు తెలిస్తే, అక్కడ అది తెరుచుకోకముందే చెప్పవచ్చు. ఇందుకు ముందుకు వచ్చేవారు మా కాలనీ సంఘం ఆఫీసుకు ఏ సాయంత్రమైనా రండి. కూర్చుని మాట్లాడుకుందాము, లింకు పంపను.

టైలర్ చెల్లెలు ఇప్పుడు ఏ ఫైలు వచ్చినా ముందు నాకు చూపిస్తుంది. మొన్న ఒక పెళ్లి పత్రిక తెచ్చి, ఇది మంచిదేనా సార్ అని అడిగింది. పీడీఎఫ్ ఫైలే, పేరు సరిగానే ఉంది. అయినా పంపినవారికి ఆమె ఎదుటే ఫోను చేశాను. పరకాల నుంచి ఆమె చిన్ననాటి స్నేహితురాలు ఎత్తింది. ఇద్దరూ పద్నాలుగేళ్ల తర్వాత మాట్లాడుకున్నారట, నా ఫోను నలభై నిమిషాల దాకా నా చేతికి రాలేదు.

ఇట్లు,
మీవంటి ఒక అడ్మిన్,
హనుమకొండ